మీటర్‌లో చూసిన వోల్టులు, ఆంపియర్ల నుంచి ఓమ్‌లు, వాట్లు లెక్కకట్టడం ఎలా?

"అన్నా, మీటర్ల రెండొందల ఓల్టులు చూపిస్తుంది. టాంగ్ టెస్టర్ల ఐదున్నర ఆంప్స్ ఉంది. మరి రాడ్ మంచిగున్నట్టా, పోయినట్టా?"

చలికాలం మొదలైతే నీళ్లు కాచే రాడ్ గురించి ఇలాంటి ఫోన్లు వారానికి రెండు మూడు వస్తాయి. ఎండాకాలంలో ఇదే ప్రశ్న బోరు మోటారు గురించి అడుగుతారు. నల్లగొండ జిల్లాలో, హాలియా చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా మోటార్ వైండింగ్, ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. అడిగేవాళ్లలో రైతులుంటారు, ఐటీఐ పిల్లలుంటారు, పదో తరగతి పిల్లల నాన్నలూ ఉంటారు. సూత్రం దాదాపు అందరికీ నోటికి వచ్చు. లెక్క చెడేది సూత్రంలో కాదు, కొలిచిన చోట. వోల్టేజి ఒకచోట, ఒక సమయంలో చూస్తారు. కరెంటు ఇంకోచోట, ఇంకో సమయంలో చూస్తారు. ఆ రెండూ కలిపి గుణిస్తారు. అందుకే ఇందులో సూత్రాలు కొద్దిగా, కొలవడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఏమేం కావాలి

ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక టాంగ్ టెస్టర్ కావాలి. తీగ చుట్టూ దవడ మూసి ఆంపియర్లు చూసే ఈ టాంగ్ టెస్టర్‌నే క్లాంప్ మీటర్ అని కూడా అంటారు. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటుంది. ఒక కాగితం, పెన్ను తప్పకుండా దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే మీటర్‌లో చూసిన అంకె రెండో అంకె చూసేలోపు మరిచిపోతాం.

దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే చిన్న పసుపు మల్టీమీటర్లలో చాలావాటితో ఇంటి కరెంటు ఆంపియర్లు కొలవడం కుదరదు. వాటిపై రాసి ఉండే 10 ఆంపియర్ల రేంజి డీసీకి, అంటే బ్యాటరీ కరెంటుకి మాత్రమే. ఇంటికి వచ్చేది ఏసీ. అందుకే టాంగ్ టెస్టర్ కావాలంటున్నాను. కొనేటప్పుడు మీద ఏసీ ఒక్కటే రాసి ఉందా, డీసీ కూడా ఉందా చూసుకోండి. సోలార్ పని చేసేవాళ్లకి రెండూ ఉన్నది అవసరం.

ఇంకొకటి మీరే తయారు చేసుకోవాలి. ఒక అడుగు పొడవున్న ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని, పైతొడుగు జాగ్రత్తగా చీల్చి, లోపలి తీగలు విడివిడిగా కనిపించేలా ఉంచండి. తీగల సొంత ఇన్సులేషన్‌కు మాత్రం గాటు పడకూడదు. దాన్ని ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య పెడితే టాంగ్ టెస్టర్ దవడలో ఒకే తీగను పట్టించడం తేలిక.

ముందుగా ఒక హెచ్చరిక

పని నేర్చుకునే రోజుల్లో ఒక పాత మీటర్‌తో బ్యాటరీ కరెంటు చూశాను. తర్వాత ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోనే ఉందన్న సంగతి మరిచి, అదే మీటర్‌ను సాకెట్‌లో పెట్టాను. ఆ రంధ్రంలో మీటర్‌కి దాదాపు ఓమ్‌లే ఉండవు. ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిపినట్టే. కళ్ల ముందు తెల్లటి మెరుపు వచ్చింది, ప్రోబ్ (మీటర్ వైరు చివర పట్టుకునే కడ్డీ) మొన కరిగి ముద్దయింది, బొటనవేలు కాలింది. అప్పటినుంచి సాకెట్‌లో పెట్టే ముందు ఎర్ర వైరు ఏ రంధ్రంలో ఉందో చేత్తో తడిమి చూస్తాను. మీరూ అలాగే చేయండి.

కాళ్లకు పొడి చెప్పులుండాలి. నేల తడిగా ఉంటే కొలవొద్దు. ప్రోబ్‌ల మీద రక్షణ గట్టుకి ఇవతలే వేళ్లుండాలి. మీటర్ 600 వోల్టుల క్యాట్-3 రకందై ఉండాలి (క్యాట్ అంటే మీటర్ మీద రాసి ఉండే రక్షణ తరగతి). మూడు ఫేజుల స్టార్టర్ పెట్టె తెరిచి కొలవడం ఎప్పుడూ చేయనివాళ్లు, తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా ఆ పనికి దిగొద్దు.

లెక్కకు సరిపోయే సూత్రాలు

బడి పుస్తకంలో నిరోధం, సామర్థ్యం అని ఉంటుంది. షాపులో మేం నిరోధాన్ని ఓమ్‌లు అనీ, సామర్థ్యాన్ని వాట్లు అనీ అంటాం.

ఓమ్‌లు = వోల్టులు ÷ ఆంపియర్లు
వాట్లు = వోల్టులు × ఆంపియర్లు

వీటి నుంచే ఇంకో రెండు వస్తాయి. ఆంపియర్లు తెలియకపోతే, వాట్లు = వోల్టులు × వోల్టులు ÷ ఓమ్‌లు. వోల్టులు తెలియకపోతే, వాట్లు = ఆంపియర్లు × ఆంపియర్లు × ఓమ్‌లు. ఈ చివరిది వైర్లలో, జాయింట్లలో పుట్టే వేడి తెలుసుకోవడానికి చాలా పనికొస్తుంది. కింద చూపిస్తాను.

కొలిచే పద్ధతి

నీళ్లు కాచే 1500 వాట్ల రాడ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇస్త్రీపెట్టె, కాయిల్ స్టవ్, గీజర్ అన్నిటికీ ఇదే పద్ధతి.

1. ముందు ప్లగ్ తీసేసి ఓమ్‌లు చూడండి. మీటర్ నాబ్‌ను గుర్రపు నాడా ఆకారం గుర్తు దగ్గర, 200 ఓమ్‌ల రేంజిలో పెట్టండి. ముందుగా రెండు ప్రోబ్‌లను ఒకదానికొకటి ఆనించండి. 0.3, 0.5 లాంటి అంకె వస్తుంది. అది మీటర్ వైర్లది, తర్వాత వచ్చే అంకెలోంచి తీసేయండి. ఇప్పుడు ప్లగ్గులోని రెండు సమానమైన పిన్నుల మధ్య కొలవండి. 1500 వాట్ల రాడ్‌కు 35 దగ్గర రావాలి. ఈ 35 ఎలా వచ్చిందంటే, 230 × 230 ÷ 1500 = 35.3. కరెంటు ఉన్న దానిమీద ఓమ్‌ల రేంజి ఎప్పుడూ పెట్టొద్దు. మీటర్ పోతుంది, మీకూ ప్రమాదమే.

2. ఒక పిన్నుకీ రాడ్ లోహపు ఒంటికీ మధ్య కూడా చూడండి. ఈసారి నాబ్‌ను అన్నిటికంటే పెద్ద రేంజిలో పెట్టాలి. ఎడమ పక్కన ఒంటరిగా '1' గానీ 'ఓఎల్' అని గానీ రావాలి. వేరే ఏ అంకె వచ్చినా ఆ రాడ్ ఒంటికి కరెంటు దిగుతున్నట్టే. లెక్క అక్కడితో ఆపి రాడ్ పక్కన పడేయండి.

3. రాడ్‌ను బకెట్ నీళ్లలో గుర్తు వరకు ముంచిన తర్వాతే స్విచ్ వేయండి. గాల్లో పెట్టి వేస్తే కాయిల్ కాలిపోతుంది. స్విచ్ ఉన్నంతసేపు నీళ్లలో చేయి పెట్టొద్దు.

4. టాంగ్ టెస్టర్‌ను ఏసీ ఆంపియర్లలో పెట్టి ఒక్క తీగ చుట్టూ మూయండి. రెండు తీగలూ కలిపి పట్టిస్తే సున్నా వస్తుంది, ఎందుకంటే ఒకదాంట్లో పోయిన కరెంటు రెండోదాంట్లో తిరిగి వస్తుంది. "మీటర్ పనిచేస్తలేదు" అని నా దగ్గరికి తెచ్చిన టాంగ్ టెస్టర్లలో చాలావాటికి ఏ రోగమూ లేదు, రెండు తీగలు పట్టించారంతే.

5. రాడ్ నడుస్తుండగానే, అదే సాకెట్ దగ్గర వోల్టేజి చూడండి. అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. స్విచ్ ఆపి చూసిన వోల్టేజి ఈ లెక్కకు పనికిరాదు. మీటర్ బోర్డు దగ్గర చూసిందీ పనికిరాదు. మల్టీమీటర్‌లో ఏసీ వోల్టుల పెద్ద రేంజి పెట్టాలి. 200 రేంజి పెట్టి 230 చూడబోతే అంకె రాదు.

6. రెండు అంకెలూ వెంటవెంటనే రాసుకోండి. లైన్‌లో వోల్టేజి నిమిషానికోలా ఉంటే మూడుసార్లు చూడండి, ప్రతిసారీ రెండూ చూడండి.

7. భాగించండి, గుణించండి. 200 వోల్టులు, 5.6 ఆంపియర్లు వచ్చాయనుకోండి. 200 ÷ 5.6 = 35.7 ఓమ్‌లు. 200 × 5.6 = 1120 వాట్లు. మొదటి మెట్టులో ప్లగ్ తీసి కొలిచిన ఓమ్‌లతో ఇది సరిపోయింది. అంటే రాడ్ బాగుంది.

మరి 1500 వాట్లు ఎందుకు రాలేదు? రాడ్ మీద రాసిన వాట్లు 230 వోల్టులు ఉన్నప్పటి మాట. ఓమ్‌లు మారలేదు, వోల్టేజి తగ్గింది. వోల్టేజి తగ్గితే హీటర్‌లో కరెంటు కూడా తగ్గుతుంది, అందుకే వాట్లు రెండింతల వేగంతో పడిపోతాయి. 180 వోల్టులకు అదే రాడ్ సుమారు 920 వాట్లే ఇస్తుంది. "కంపెనీ మోసం చేసింది" అనుకునే ముందు ఈ లెక్క వేసి చూడండి.

ఒక ఇంట్లో చూసింది

పై అంకెలు నేను ఊహించి రాసినవి కావు. త్రిపురారం వైపు ఒక ఇంట్లో పశువుల కొట్టం పక్కన స్నానాల గది కట్టుకున్నారు. ఇంటి బోర్డు నుంచి అక్కడికి 60 మీటర్లు. నీళ్లు కాగడానికి అరగంట పైన పడుతోందని రెండు రాడ్లు మార్చారు. మూడోది కొనేముందు నన్ను పిలిచారు.

సాకెట్ దగ్గర 200 వోల్టులు, 5.6 ఆంపియర్లు. రాడ్ నడుస్తుండగానే ఇంటి బోర్డు దగ్గర చూస్తే 221 వోల్టులు. మధ్యలో 21 వోల్టులు ఎటు పోయాయి? ఆ 21ని 5.6తో భాగిస్తే 3.75 ఓమ్‌లు. అది దారిలో ఉన్న వైరు, జాయింట్లు అన్నీ కలిపి.

వేసింది 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగ. అది కిలోమీటరుకు సుమారు 18 ఓమ్‌లు. కరెంటు పోవాలి, రావాలి కాబట్టి 60 మీటర్ల దూరానికి 120 మీటర్ల తీగ. దాని లెక్క 2.2 ఓమ్‌లు. ఇంకా 1.55 మిగిలింది. మంచి వైరులో దానికి చోటు లేదు, ఏదో జాయింట్‌లోనే ఉండాలి.

కరెంటు ఆపి, వైరు వెంబడి నడిచాం. చింతచెట్టు దగ్గర టేపు చుట్టిన జాయింట్ ఒకటి కనిపించింది. టేపు నల్లగా మాడి, పట్టుకుంటే పెళుసుగా విరిగింది. లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, నాలుగైదు మాత్రమే ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ ఒక్క చోట పుడుతున్న వేడి ఎంతో చూడండి: 5.6 × 5.6 × 1.55, అంటే సుమారు 49 వాట్లు. సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది. అలాంటివి రెండు, టేపు లోపల, గడ్డివాముకు నాలుగడుగుల దూరంలో ఉన్నట్టు.

తీగ కొసలు కత్తిరించి, శుభ్రంగా గీకి, కనెక్టర్ పెట్టి బిగించాక సాకెట్ దగ్గర 208 వోల్టులు, 5.9 ఆంపియర్లు వచ్చాయి. 1227 వాట్లు. వైరునే 2.5 చదరపు మిల్లీమీటర్లది వేసుకుంటే ఇంకా మెరుగవుతుందని చెప్పాను. రాడ్ల తప్పు మొదటినుంచీ లేదు.

స్విచ్ ఆపి ఆ సాకెట్ దగ్గర వోల్టేజి చూస్తే 221కి దగ్గరగానే వస్తుంది. కరెంటు పారకపోతే జాయింట్‌లో వోల్టేజి పడదు, అందుకే అంతకుముందు చూసినవాళ్లకు అంతా బాగున్నట్టే కనిపించింది. ఐదో మెట్టును అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

వచ్చిన వాట్లు సరైనవో కాదో ఇంటి మీటర్‌తో సరిచూసుకోండి

ఎలక్ట్రానిక్ మీటర్ మీద ఎర్ర లైటు మెరుస్తుంటుంది. పక్కనే యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది. కొన్నిటికి 1600, కొన్నిటికి 3200. ఇంట్లో ఫ్రిజ్ సహా మిగతావన్నీ ఆపేసి, కొలుస్తున్న వస్తువు ఒక్కటే నడపండి. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి మెరుపులు లెక్కపెట్టండి. నిమిషం లెక్కను 60తో గుణించి, మీటర్ మీది అంకెతో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి.

పైన చెప్పిన ఇంట్లో జాయింట్ సరిచేయక ముందు 66 మెరుపులు వచ్చాయి, 3200 మీటర్. 66 × 60 ÷ 3200 = 1.24 కిలోవాట్లు. రాడ్‌కి చేరింది 1120 వాట్లే. తేడా సుమారు 118 వాట్లు వైరులోనూ జాయింట్‌లోనూ పోతోంది, దానికీ బిల్లు పడుతోంది. 21 వోల్టులను 5.6తో గుణించినా అదే 118 వస్తుంది. రెండు దారుల్లో ఒకే అంకె వచ్చిందంటే మీ కొలతను నమ్మవచ్చు. రెండుమూడు శాతం తేడా మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

ఈ లెక్క ఎక్కడ పనికిరాదు

పాత ఫిలమెంట్ బల్బుతో ఐటీఐ పిల్లలు తరచూ తికమకపడతారు. 100 వాట్ల బల్బుకు లెక్క ప్రకారం 529 ఓమ్‌లు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మీటర్ 40 దగ్గర చూపిస్తుంది. లెక్కా తప్పు కాదు, మీటరూ తప్పు కాదు. టంగ్‌స్టన్ తీగ తెల్లగా వేడెక్కితే ఓమ్‌లు పది రెట్లకు పైగా పెరుగుతాయి. రాడ్‌లోని నైక్రోమ్ తీగకు అంత మార్పు ఉండదు, అందుకే ఉదాహరణకు దాన్నే తీసుకున్నాను. ఎల్‌ఈడీ బల్బు, ఛార్జర్, టీవీ లాంటివాటికి ఓమ్‌లు కొలిచి వాట్లు కట్టడం కుదరనే కుదరదు. వాటికి పైన చెప్పిన మెరుపుల లెక్కే మేలు.

ఫ్యాన్ లాంటి చిన్న కరెంట్లు టాంగ్ టెస్టర్‌లో సరిగా రావు. తీగను దవడ చుట్టూ పదిసార్లు చుట్టి, వచ్చిన అంకెను పదితో భాగించండి. 2.2 వస్తే అసలు కరెంటు 0.22.

మిల్లీ, కిలో, మెగాల దగ్గర కూడా చాలామంది జారుతారు. 12 వోల్టుల బ్యాటరీకి 3 వోల్టుల ఎల్‌ఈడీ తగిలించి 20 మిల్లీ ఆంపియర్లు పంపాలంటే మధ్యలో రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) పెట్టాలి. దాని మీద పడే 12 - 3 = 9 వోల్టులను 20తో కాదు, 0.02తో భాగించాలి. 450 ఓమ్‌లు వస్తుంది. దుకాణంలో 470 అడగండి. వాట్లు 9 × 0.02 = 0.18, కాబట్టి పావు వాటు రెసిస్టర్ సరిపోతుంది, అర వాటుదైతే చల్లగా ఉంటుంది. మీటర్ మీద చిన్న ఎం మిల్లీ, పెద్ద ఎం మెగా. రెండింటికీ మధ్య తేడా వంద కోట్ల రెట్లు. మెగా ఎంత పెద్దదో తెలియాలంటే మన నాగార్జునసాగర్ ప్రధాన జల విద్యుత్ కేంద్రాన్ని తలుచుకోండి. దాని సామర్థ్యం 815.6 మెగావాట్లు, 1500 వాట్ల రాడ్లు 5 లక్షల 40 వేలకు పైగా ఒకేసారి నడపగలిగినంత.

బోరు మోటారుకు

వ్యవసాయానికి కరెంటు ఉచితం. 2018 జనవరి 1న తెలంగాణలో 24 గంటల సరఫరా కూడా మొదలైంది. బిల్లు లేదు కాబట్టి మోటారు వాట్లు ఎవరూ చూడరు. కానీ మోటారు ఆరోగ్యం తెలిసేది ఆ అంకెల్లోనే.

మోటారుకు వోల్టులను ఆంపియర్లతో భాగించి "వైండింగ్ ఓమ్‌లు" అనొద్దు. 400 ÷ 8.2 = 48.8 అని లెక్కేసి, మీటర్‌లో మాత్రం కొద్ది ఓమ్‌లే వస్తున్నాయని, వైండింగ్ షార్ట్ అయిందనుకుని బోరు నుంచి మోటారు పైకి లాగించినవాళ్లున్నారు. కూలీ, క్రేను ఖర్చు దండగ. నడుస్తున్న మోటారు తిరగడం వల్లే కరెంటును అడ్డుకుంటుంది, తీగ ఓమ్‌లు అందులో చిన్న భాగం. వైండింగ్ చూడాలంటే మెయిన్ ఆపి, స్టార్టర్ నుంచి మోటారు వైర్లు విప్పి, మూడు వైర్లలో రెండేసి చొప్పున మూడుసార్లు కొలవండి. అంకె ఎంత అన్నదానికంటే, మూడూ సమానంగా ఉన్నాయా అన్నది ముఖ్యం.

వాట్లకు మూడు ఫేజుల సూత్రం వేరు: 1.732 × వోల్టులు × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టర్. ఇక్కడ వోల్టులంటే రెండు ఫేజుల మధ్య కొలిచినవి. పవర్ ఫ్యాక్టర్ అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు. అది నేమ్ ప్లేట్ (మోటారు మీది వివరాల రేకు) మీద లేకపోతే 0.8 వేసుకోండి, దగ్గరి అంచనా వస్తుంది. 400 వోల్టులు, 8.2 ఆంపియర్లకు సుమారు 4545 వాట్లు, అంటే గంటకు నాలుగున్నర యూనిట్లు. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లే కదా, ఎక్కువ తీసుకుంటోందే అని భయపడొద్దు. 3730 షాఫ్ట్ (మోటారు తిరిగే ఇరుసు) దగ్గర ఇచ్చే వాట్లు, మిగతాది మోటారు లోపల వేడిగా పోతుంది.

హీటర్‌కూ మోటారుకూ ఇంకో పెద్ద తేడా ఉంది. వోల్టేజి తగ్గితే హీటర్ కరెంటు తగ్గుతుంది. నిండు లోడు మీదున్న మోటారు మాత్రం అదే పని చేయడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. వైండింగ్‌లో వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి 8 ఆంపియర్లది 10 లాగితే వేడి ఒకటిన్నర రెట్లకు పైనే. లో ఓల్టేజీలో మోటార్లు కాలేది ఇలాగే. ఆంపియర్లు నేమ్ ప్లేట్ అంకె దాటితే ఆ పూటకు మోటారు ఆపేయండి. మూడు ఫేజుల్లో ఒకటి మిగతా రెండింటికంటే బాగా తేడాగా ఉంటే ముందు ఫ్యూజులు, స్టార్టర్ కాంటాక్టులు, పైన కేబుల్ జాయింట్లు చూడండి. మోటారు పైకి తీయడం ఆ తర్వాత మాట.

మోటారు కొత్తగా దించిన రోజు, లేదా వైండింగ్ చేయించి మళ్లీ దించిన రోజు, నీళ్లు నిండుగా పోస్తుండగా మూడు వోల్టేజీలు, మూడు ఆంపియర్లు, కరెంటు ఆపి చూసిన మూడు ఓమ్‌లు, ఆ రోజు తేదీ స్టార్టర్ పెట్టె మూత లోపలి వైపు మార్కర్‌తో రాయండి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా ముందు మూత తెరిచి ఆ తొమ్మిది అంకెలతో పోల్చుకుని, ఏది మారిందో చూసి నాకు ఫోన్ చేయండి.